వాసన లేని నీళ్ళు

పెళ్ళయిన కొత్తలో నాకు ప్రతిదీ వింతే. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండడం చూసినా నవ్వొచ్చేది. మా ఆయన తుమ్మడం మొదలుపెడితే ఒకదానితో ఆపడు. "ఉండు, ఇంకోటుంది" అని వేలెత్తి ముందే చెబుతాడు. ఆ వేలు చూసి నేను పడీ పడీ నవ్వుతుంటే పక్కగదిలోంచి అత్తయ్య, "తుమ్ముక్కూడా నవ్వేనా! ముదిరిపోయింది మీ ఇద్దరికీ" అని అరిచేది.

ఆ ఇంట్లో నాకు నచ్చనిది ఒక్కటే, పెరట్లో బావి నీళ్ళు. పెయింటు డబ్బా మూత తీయగానే గుప్పుమంటుందే, ఆ వాసన. స్నానం చేసొచ్చినా అదే, ఉతికిన దుప్పటి కప్పుకున్నా అదే. మా వీధికి ఎగువన ఒకప్పుడు ఒక ఫ్యాక్టరీ ఉండేదట. యంత్రాల విడిభాగాలకి పట్టిన జిడ్డు ఏదో మందుతో కడిగి, ఆ మందు గోతుల్లో పారబోసేవాళ్ళట. ఫ్యాక్టరీ మూతపడింది, యజమానులు ఎటో పోయారు, మందు మాత్రం ఎక్కడికీ పోలేదు. నేలలోకి ఇంకి, బావుల్లో చేరి, అడుగు అడుగుగా నది వైపు నడుస్తోంది. మా ఆయన పుట్టాక ఆ వీధిలో బావి నీళ్ళు తాగినవాళ్ళు లేరు. తాగడానికి ట్యాంకరు వచ్చేది. బావి నీళ్ళు బట్టలకీ, ఒంటికీ, నేల కడగడానికీ.

ఆ మందును నేలలోంచి తీసేయడానికే ఊరి చివర శుద్ధి కేంద్రం పెట్టారు. నేను అక్కడి లాబ్‌లో నీళ్ళు పరీక్షిస్తాను, మా ఆయన మోటార్లు చూస్తాడు. ఆయన గాలియంత్రాలు మోగితే నా బల్ల మీద సీసాలు వణికి కిందపడుతున్నాయని ఫిర్యాదు చేయడానికి వెళ్ళాను. ఆ ఫిర్యాదు పెళ్ళిదాకా వచ్చింది.

కేంద్రంలో రెండు పెద్ద తొట్లున్నాయి. వాటిలో మా మేడమ్ తయారుచేసిన సూక్ష్మజీవులుంటాయి. ఇవి ప్రకృతిలో ఎక్కడా లేవు. ఒక దానిలోంచి ఒక జన్యువు, ఇంకో దానిలోంచి ఇంకోటి తెచ్చి కుట్టి చేసిన ప్రాణులు. మేం వాటికి పెద్దోడు, చిన్నోడు అని పేర్లు పెట్టుకున్నాం. మొదటి తొట్టిలో ఉండే పెద్దోడు విషాన్ని కొరికి ముక్క చేస్తాడు. రెండో తొట్టిలో ఉండే చిన్నోడు ఆ ముక్కని మింగేస్తాడు. పెద్దోడు గేటు దాటి పారిపోకుండా మేడమ్ వాడికొక తాళం వేసింది. మేం కలిపే పాకం పడకపోతే వాడు బతకడు. చిన్నోడికి పాకం అక్కర్లేదు గానీ గాలి కావాలి. యంత్రంతో నీళ్ళలోకి గాలి కొడుతూ ఉండాలి, ఆపితే ఊపిరాడక చస్తాడు.

ఇద్దరి మధ్యా ఉండే ఆ ముక్కకి వాసన లేదు. అసలు విషం కన్నా అది చెడ్డది. కాలేయాన్ని పట్టుకుంటుంది, కడుపులో ఉన్న బిడ్డల్ని ఇంకా ముందు పట్టుకుంటుంది. ఈ సంగతి లాబ్‌లో అందరికీ తెలుసు. లాబ్ తలుపు బయట ఎవరికీ తెలియదు. కేంద్రం చూడ్డానికి వచ్చినవాళ్ళకి మేడమ్, "మొదటి తొట్టిలో శుద్ధి, రెండో తొట్టిలో మెరుగు" అని చెప్పేది. జనాన్ని భయపెట్టడం దేనికని.

ఒక సెలవు రోజు పొద్దున తల మీద చెంబుడు నీళ్ళు పోసుకుని ఆగిపోయాను. ఇంకో చెంబు ముంచి మొహం దగ్గర పెట్టుకుని చూశాను. వాసన లేదు. సబ్బు వాసన మాత్రమే వస్తోంది. సబ్బు అంత బాగుంటుందని అప్పటిదాకా తెలియదు. తల తుడుచుకోకుండానే పెరట్లోకి పరుగెత్తాను.

"అత్తయ్యా! నీళ్ళు చూడండి! బొత్తిగా వాసన లేదు!"

అత్తయ్య గట్టు మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. తల కూడా ఎత్తలేదు. "ఇప్పుడు తెలిసిందా మహాతల్లికి! వీధి వీధంతా ఎప్పుడో తెలుసు. మన బావే అందరికన్నా మొండిది. టైలరమ్మ వాళ్ళ బావి నీ పెళ్ళికి ముందే తేటపడింది."

ఆమె పక్కనే మా ఆడపడుచు చిట్టి కాళ్ళు చాపుకుని కూర్చుంది. వీధి ఆ చివర కాపురం ఉంటుంది. నెలలు నిండుతున్న కడుపు, నడవడమే ఆయాసం, అయినా రోజూ అమ్మ దగ్గరికి రాకుండా ఉండలేదు. బకెట్లోంచి ఒక గ్లాసు ముంచుకుని గటగటా తాగేసింది.

"మా బావి నీళ్ళూ ఇలాగే చల్లగా ఉంటున్నాయి వదినా. ఇక ట్యాంకరు నీళ్ళు నా గొంతు దిగవు."

"దిగకపోతే ఏం, ట్యాంకరు వాణ్ణి ఇక రావద్దన్నాంగా" అంది అత్తయ్య. "వెళ్తూ వెళ్తూ ఏడుపుమొహం పెట్టాడు పాపం."

గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, మొహమంతా నవ్వుతో.

"నచ్చిందా లాబ్ మేడమ్‌కి?"

"ఏం చేశారు మీరు?"

"పెళ్ళి మాటలప్పుడు నువ్వేమన్నావు? 'మీ ఇల్లూ బాగుంది, మీ అమ్మగారూ బాగున్నారు, ఆ నీళ్ళతో స్నానం మాత్రం నావల్ల కాదు' అన్నావు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, గుర్తుపెట్టుకున్నాను."

కేంద్రంలోంచి ఒక డబ్బాడు తొట్టి నీళ్ళూ, కొంచెం పాకమూ తెచ్చాడట. మిగతాది అత్తయ్య చెప్పింది, వంకాయ తరుగుతూ, ఎంతో తేలిగ్గా. "వాడు తెచ్చింది ఒక్క డబ్బాయే. పాలకి తోడేసినట్టేగా అమ్మాయ్! మన బావిలో కొంత పోశాం, మిగిలింది బిందెలో ఉంచి ఆ పాకం చుక్కలేస్తే మళ్ళీ బిందెడైంది. టైలరమ్మ అడిగితే ఇచ్చాను. ఆవిడ పక్కింటికిచ్చింది. పాకం కూడా అలాగే తలా కాస్తా. ఇంటికొచ్చి తోడు అడిగితే లేదంటామా?"

నిజం చెప్పాలంటే మొదట నాకు కలిగింది గర్వమే. ఒక మనిషి నా జుట్టు కోసం ఇంత పని చేశాడు. ఆ వెంటనే అడిగాను.

"ఏ తొట్టిలోంచి తెచ్చారు?"

"మొదటిదాన్లోంచి. వాసన పోయేది అక్కడేగా. రెండోది మెరుగుకే కదా, నీళ్ళు మెరవకపోయినా ఫర్వాలేదనుకున్నా."

చిట్టి రెండో గ్లాసు ముంచుకుంది. నేను గ్లాసు లాక్కోబోయాను. అది గట్టుకి తగిలి పగిలింది.

"అయ్యో వదినా, కొత్త గ్లాసు!"

"చెయ్యి జారింది" అన్నాను. ముందు పరీక్ష చేయాలి, చేశాకే మాట్లాడాలి అనుకున్నాను. లోపల గాలిబుడగ లేకుండా సీసా అంచుదాకా బావి నీళ్ళు నింపి, మూత బిగించి, సెలవని కూడా చూడకుండా లాబ్‌కి పోయాను.

యంత్రం తెర మీద గీత నేలబారుగా నడిచి, ముక్క కనబడవలసిన చోట నిటారుగా లేచింది. తెర పైఅంచు దాటిపోయింది. అసలు విషం ఉండవలసిన చోట చిన్న గుట్ట కూడా లేదు. పెద్దోడు తన పని శుభ్రంగా చేశాడు.

"ఏ తొట్టిది ఇది?"

వెనక మేడమ్ నిలబడి ఉంది. సెలవు రోజుల్లోనూ ఆవిడ అక్కడే ఉంటుంది, మోచేతి దగ్గర చిరిగిన స్వెటరు వేసుకుని. ఇంకో ఇల్లున్నట్టు ఎవరూ చూడలేదు.

"తొట్టిది కాదు మేడమ్. మా పెరట్లో బావిది."

అంతా చెప్పాను. తోడు సంగతి చెప్పినప్పుడు ఆవిడకి నవ్వు రాబోయి ఆగింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నా వయసంతా పెట్టి వాడికి తాళం కనిపెట్టాను. తాళంచెవిని, ఆ పాకాన్ని, డ్రమ్ముల్లో పోసి మీ మెకానిక్కి అప్పజెప్పాను. తప్పు అతనిది కాదులే. నాదీ కాదనుకుంటా. ఎవరిదో మరి."

"పైవాళ్ళకి చెప్పాలి మేడమ్. వీధిలోవాళ్ళకీ."

"చెబితే ఏమవుతుందో తెలుసా? ఇలాంటి ప్రాణిని గేటు దాటిస్తే చట్టం ఒప్పుకోదు, ప్రేమతో దాటించినా సరే. నీ మొగుడు జైలుకి పోతాడు, ఇప్పట్లో రాడు. అదొక్కటే అయితే నిన్ను ఆపను. కేంద్రం మూసేస్తారు. మూస్తే నేలలోంచి నీళ్ళు తోడే పంపులాగిపోతాయి. పంపులాగితే నేలలో ఉన్నదంతా నదికి చేరుతుంది. నది ఒడ్డున ఊళ్ళ పేర్లు చెప్పు, గుర్తొచ్చినన్ని."

ఆ ఊళ్ళలో ఒకటి మా అమ్మావాళ్ళది.

"అబద్ధం ఆడమనట్లేదు. కొన్నాళ్ళు నోరు మూసుకోమంటున్నా. పాకం ఆపించు, పెద్దోడు వాడంతట వాడే చస్తాడు. చిన్నోణ్ణి డబ్బాల్లో ఇస్తాను, ఎవరికీ తెలియకుండా బావుల్లో పోయించు."

"బావి అడుగున గాలెక్కడిది? మూసిన సీసాల్లో వాడు ఎలా చచ్చాడో నేనే కదా చూసింది."

"కొందరైనా బతుకుతారు."

"ఈలోగా వీళ్ళు తాగుతుంటారు."

"తాగొద్దని ఏదో ఒకటి చెప్పు. ఎలుక పడిందని చెప్పు."

"అన్ని బావుల్లోనూ ఎలుకలేనా మేడమ్? ఊరేగింపుగా వచ్చి పడ్డాయా?"

ఆవిడకి కోపం రాలేదు. కళ్ళజోడు తీసి, స్వెటరు అంచుతో తుడిచి, చాలాసేపు పెట్టుకోలేదు. "అయితే నువ్వు చెప్పు, ఇంకేం చెయ్యాలో. నిజంగానే అడుగుతున్నా" అంది.

మర్నాడు డ్యూటీలో మా ఆయనకి చెప్పాను. గాలియంత్రాల షెడ్డులో చెవి దగ్గర నోరు పెడితే తప్ప మాట వినబడదు. ఆ వంకతో దగ్గరగా నిలబడడం మా ఇద్దరికీ ఎంతిష్టమో అక్కడ పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. ఆ రోజూ అలాగే ఆయన చెవికి నోరానించి, గొంతు చించుకుని చెప్పాను. ఎవరైనా చూస్తే ముద్దు పెట్టుకుంటున్నాననుకుని ఉంటారు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు. గ్రీజు పోయినా తుడుస్తూనే ఉన్నాడు. బయట గోడ పక్కకి నడిచాం.

"చిట్టి బావిలో నేనే పోశాను" అన్నాడు. "అమ్మ కాదు. నేనే వెళ్ళి పోశాను."

"తెలుసు."

"ముక్క అని ఒకటుందని నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"మీరు అడగలేదు కదా."

"అడగాలంటే అలాంటిదొకటి ఉందని తెలియాలిగా!"

ఆయన నామీద గొంతెత్తడం అదే మొదలు. మేమిద్దరం ప్రపంచంలో ఉన్నవన్నీ మాట్లాడుకున్నాం. చిన్నప్పటి పంతుళ్ళు, భయపడే పురుగులు, పుట్టబోయే పిల్లల ముక్కులు. అదొక్కటి మాట్లాడుకోలేదు. లాబ్ మాటలు లాబ్‌లోనే వదలాలని నాకు ఉద్యోగంలో చేరినరోజే చెప్పారు, నేనది బుద్ధిగా పాటించాను.

కాసేపటికి ఆయనే అన్నాడు. "పాత గాలియంత్రం ఒకటి మూల పడి ఉంది. బాగుచేస్తే చిట్టి బావికి పెట్టొచ్చు. చిన్నోడు బతుకుతాడు."

"మిగతా బావులకి?"

మేడమ్ చెప్పిన దారి కూడా ఆయనకి చెప్పాను, జైలు మాటతో సహా. దాచలేదు. విని, "జైల్లో తిండి బాగోదంటారు" అన్నాడు. నవ్వించాలని అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం అత్తయ్యకి చెప్పాం. ఆవిడ లేచి, బిందెలో ఉన్నదంతా సిమెంటు గచ్చు మీద పారబోసి, పైన బ్లీచింగు పొడి చల్లింది. "నా చేత్తో ఇచ్చాను" అంది. "నేనే వెళ్ళి చెబుతాను. నా మాట ఎవరూ కాదనరు."

ముందు ఎదురింటి టైలరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడా అత్తయ్యా ఒకరి గుట్టు ఒకరికి తెలిసిన స్నేహితులు. కుట్టుమిషను మీద నుంచి కాలు తీయకుండానే విన్నది.

"అంటే ఏమంటావు వదినా? ఈ నీళ్ళు విషమా?"

"విషమే. మా కోడలు పరీక్ష చేసింది."

"ఏమ్మాయ్, మీ ఆఫీసువాళ్ళు ఎన్నేళ్ళు వచ్చారు మా ఇళ్ళకి? నీళ్ళు కంపు కొడుతుంటే, ముక్కు మూసుకుని, 'ప్రమాదమేం లేదమ్మా' అని సంతకాలు పెట్టించుకుపోయారు. ఇప్పుడు వాసన పోయాక ప్రమాదమంటున్నావు. ఏది నమ్మమంటావు?"

"పిన్నీ, వాసన లేకపోవడమే..."

"నా ముక్కుని నేను నమ్ముతాను." మిషను మీద ఉన్న గ్లాసు తీసి, నా కళ్ళలోకి చూస్తూ అడుగుదాకా తాగింది. ఖాళీ గ్లాసు బోర్లించి చూపించింది. "మీ ఇంటి సొత్తు పదిమందికి చేరిందని బాధగా ఉంటే ఆ మాట చెప్పండి. పాకం కూడా వెనక్కిచ్చేస్తాం."

పాకం మాత్రం వెనక్కివ్వలేదు.

ప్రతి ఇంట్లోనూ దాదాపు ఇదే. ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టి, మర్యాదగా విని, ఆ నీళ్ళతోనే టీ పెట్టించాడు. చిట్టి మొగుడు నమ్మాడు గానీ, ట్యాంకరు వాడికి కబురు పెడితే, వాడు వీధంతా అడిగితే తప్ప ఒక్క ఇంటికి రాలేనన్నాడట. మేం తిరిగి వచ్చేసరికి మాట మాకన్నా ముందే ఇంటికి చేరింది. కొత్తకోడలు అడుగుపెట్టింది, చుట్టుపక్కలవాళ్ళు సుఖంగా ఉండడం ఓర్వలేకపోతోంది, అని.

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచేసరికి వీధిలో మోటార్లన్నీ ఎప్పటిలా మోగుతున్నాయి. బిందెలు నిండుతున్న చప్పుడు. మా ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"వాసన ఉన్నన్నాళ్ళూ ఒక్కళ్ళు కూడా తాగలేదు" అన్నాడు. "నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నా. పసిపిల్లలు కూడా తాగలేదు."

ఆయన చెప్పబోయేదేంటో నాకు అర్థమైంది. కేంద్రంలో జనరేటరు కోసం ఉంచిన డీజిలు డబ్బాలు తోపుడుబండి మీద తీసుకొచ్చి అప్పటికే గుమ్మం ముందు పెట్టాడు.

"ఇది పోస్తే నీళ్ళేమవుతాయో నువ్వే చెప్పాలి. అప్పుడు నిన్నడగకుండా చేశాను. ఇవాళ అడుగుతున్నా."

ఆలోచించాను. డీజిలు కూడా విషమే, తేలే విషం. ఏళ్ళ తరబడి ఈ నేలలోంచి ఒక వాసనని తీయడమే మా ఇద్దరి ఉద్యోగం. "పాడవుతాయి" అన్నాను. "కానీ ఎవరూ నోట్లో పెట్టుకోలేరు."

పట్టపగలే వెళ్ళాం. దొంగతనంగా చేయడం ఆయనకి ఇష్టంలేదు. ముందు మా బావిలో పోశాం, అత్తయ్య చూస్తుండగా. ఆవిడ వద్దనలేదు, సాయమూ రాలేదు. తర్వాత ఆయన వీధికి ఒక పక్క, నేను ఇంకో పక్క. పెరటి తలుపులు ఎవరూ వేసుకోరు మా వీధిలో. నేను లోపలికి వెళ్ళడం, డబ్బా వంచడం, నీళ్ళ మీద రంగురంగుల పొర విచ్చుకోవడం, వాసన పైకి రావడం, వెనక ఎవరో కేక వేయడం. కేకలు ఒకదానికొకటి అందుకుంటూ నా వెంటే వచ్చాయి.

వీధి చివర చిట్టి తన బావి గట్టుకి అడ్డంగా నిలబడి ఉంది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని.

"వదినా, వద్దు. నేను తాగట్లేదు కదా. నిన్నట్నించీ తాగట్లేదు. నీళ్ళెందుకు పాడుచేస్తావు?"

"మళ్ళీ దాహం వేస్తుందమ్మా. మీ అత్త తాగుతుంది. పక్కింటివాళ్ళు పట్టుకెళ్తారు."

"స్నానానికైనా ఉండనీ. ఎన్నాళ్ళకి మంచి వాసనేసే ఒళ్ళు..." ఆ మాట ఆగిపోయి ఇంకో మాట వచ్చింది. "నాకు నిజం చెప్పు. వీడికేం కాదుగా?"

డీజిలు ఆవిరి తగిలి కళ్ళు మండుతున్నాయి. ఏం కాదు అనడం తేలికే. చిట్టి అడిగింది నిజం కాబట్టి ఆ మాట నా నోట్లోంచి రాలేదు.

"తెలియదు చిట్టీ. నాకూ తెలియదు. పెద్దాసుపత్రిలో పరీక్ష చేయిద్దాం."

చిట్టి నా మొహం చూస్తూ పక్కకి తప్పుకుంది. తప్పుకుంటున్నప్పుడు గోడ పట్టుకుంది. నేను డబ్బా వంచాను. ఆ వాసనకి చిట్టి గట్టు పక్కనే వాంతి చేసుకుంది. నేను వీపు నిమరబోతే చెయ్యి తోసేసింది.

అప్పటికే టైలరమ్మ పెరట్లో మా ఆయన్ని పట్టుకున్నారు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి కిందపడేసి కొడుతున్నారు. నిన్న మాకు టీ ఇచ్చినాయన కూడా కొడుతున్నాడు. అత్తయ్య అడ్డం పడితే ఆవిడకీ రెండు తగిలాయి. కొట్టించుకుంటున్నాడే గానీ మా ఆయన ఒక్కసారి కూడా చేయెత్తలేదు.

పోలీసు స్టేషన్లో ఆయన్ని బెంచి మీద కూర్చోబెట్టారు. పై పెదవి చిట్లి వాచింది. గుడ్డతో మొహం తుడవడానికి వెళ్తే, "ఉండు, తుమ్మొస్తోంది" అన్నాడు. నొప్పికి తుమ్మలేక కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. మేడమ్ నాకన్నా ముందే వచ్చి ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కూర్చుని ఉంది. చిరిగిన స్వెటరు మీద మంచి కోటు వేసుకుంది.

"మీ మేడమ్ అంతా చెప్పారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నాతో. పెద్ద వయసు మనిషి, చిరాకుగా ఉన్నాడు గానీ కఠినంగా లేడు. "పని ఒత్తిడి ఎక్కువై బుర్ర తిరిగిందట. బావుల్లో డీజిలు పోయడమేంటమ్మా, పెళ్ళయి గట్టిగా నెల కూడా కాలేదంటున్నారు! కొత్త దంపతులకి వేరే పనులే దొరకలేదా? సర్లే. మందలించి పంపిస్తాను. వీధిలోవాళ్ళతో నేను మాట్లాడతాను."

"వాళ్ళ బావులు?" అన్నాను.

"దానికేముంది. డీజిలు పైనే తేలుతుందట కదా. తోడి పారబోస్తే పోతుందని మీ మేడమ్ అంటున్నారు. కుర్రాళ్ళు ఇప్పటికే బకెట్లు పట్టుకున్నారు. రేపో ఎల్లుండో మళ్ళీ తేటపడతాయి."

మేడమ్ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "అతన్ని ఇంటికి తీసుకెళ్ళు" అంది నెమ్మదిగా. ఆ గొంతులో బెదిరింపు లేదు, బతిమాలుతోంది. "మనం తర్వాత చూసుకుందాం. నేను చూస్తాను. మాటిస్తున్నా."

ఆవిడ మాట నిలబెట్టుకుంటుందేమో. నది ఒడ్డున ఊళ్ళ గురించి ఆవిడ చెప్పింది నిజమేనేమో. మా అమ్మ ఆ నది నీళ్ళే తాగుతుంది. తలుపు తెరిచే ఉంది, బయట ఎండ ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని ఆ ఎండలోకి నడిస్తే సాయంత్రానికి ఇల్లు చేరతాం. వీధిలో బకెట్లు బావుల్లోకి దిగుతూ ఉంటాయి.

"సార్" అన్నాను. "డీజిలు కింద ఉన్న నీళ్ళ సంగతి చెప్పాలి."

నా భుజం మీద మేడమ్ వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఏముందమ్మా ఆ నీళ్ళలో?"

చెప్పాను. పెద్దోడు, చిన్నోడు అనకుండా, వాటి అసలు పేర్లతో చెప్పాను. ముక్క గురించి చెప్పాను. వాసన ఎందుకు పోయిందో చెప్పాను. వింటూ వింటూ ఇన్‌స్పెక్టర్ మేడమ్ మొహం చూశాడు. ఆవిడ కాదనలేదు. ఆయన తన బల్ల మీద ఉన్న నీళ్ళ గ్లాసుని అరచేత్తో అవతలికి జరిపాడు.

"ఆ ప్రాణిని వీధిలోకి ఎవరు తెచ్చారు?"

బెంచి వైపు చూశాను. మా ఆయన నావైపే చూస్తున్నాడు. తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు. "చెప్పు" అన్నాడు వాచిన పెదవితో, సరిగా పలకలేక.

"మా ఆయనే తెచ్చాడు" అన్నాను. "నా కోసం."

మేడమ్ నా భుజం మీంచి చెయ్యి తీసేసింది. ఇన్‌స్పెక్టర్ బయట ఉన్న కానిస్టేబుల్‌ని పిలిచి తలుపు వేయమన్నాడు. గొళ్ళెం పడుతుండగా మా ఆయన లేచి నిలబడ్డాడు.

"పాకం సీసాలు ఇంకా అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి సార్. ముందు వాటిని తెప్పించండి. నన్ను తర్వాత తీసుకెళ్దురు గానీ."